మెడికల్, నర్సింగ్ కాలేజీలతో పంచాయతీ ఒప్పందం: ఒక్కరోజు క్యాంపుతో పోకుండా నిలబెట్టేదెలా?

మెట్ట_కార్యదర్శి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు మెట్ట పంచాయతీ. తొమ్మిది వందల ఇళ్లు, జనాభా 3,400 దాకా. అసలు ఊరు కాక రెండు మజరాలు, ఒక యానాది కాలనీ. విలేజ్ హెల్త్ క్లినిక్ ఉంది. సీహెచ్‌వో (క్లినిక్ చూసుకునే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఏఎన్‌ఎం, ముగ్గురు ఆశాలు పనిచేస్తున్నారు. పీహెచ్‌సీ మండల కేంద్రంలో.

నెల్లూరు నుంచి ఒక మెడికల్ కాలేజీ, ఒక నర్సింగ్ కాలేజీ మా ఊరిని దత్తత తీసుకుంటామంటున్నాయి. ఊరి పెద్దలేమో మెగా క్యాంపు పెట్టించమంటున్నారు. మండలంలో క్యాంపులు చాలానే అయ్యాయి. షామియానా విప్పాక, బీపీ ఉందని తేలినవాళ్ల గడప తొక్కిన మనిషి లేడు. అలా కాకుండా రెండు మూడేళ్లు నడిచేలా చేయాలని ఉంది.

ఒప్పందం ఎవరెవరి మధ్య ఉండాలి? విద్యార్థులకు ఏ పని అప్పగించొచ్చు, ఏది కూడదు? పంచాయతీ డబ్బు దేనికి ఖర్చుపెడితే ఆడిట్‌లో అభ్యంతరం రాదు? కనిగిరి వైపు కిడ్నీ జబ్బుల సంగతి విని మా జనానికీ భయం పట్టుకుంది. కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ కూడా ఉంది. ఏ పరీక్షలు అడగడం సబబు?

---

ఎస్పీఎం_టీచర్

కాలేజీ మీ దగ్గరికి ఎందుకు వస్తోందో ముందు తెలుసుకోండి, బేరం అక్కడే ఉంది. ఎంబీబీఎస్‌లో ఇప్పుడు ఫ్యామిలీ అడాప్షన్ తప్పనిసరి. నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధన ప్రకారం ఒక్కో విద్యార్థి కనీసం మూడు కుటుంబాలను తీసుకుని మొదటి ఏడాది 27 గంటలు, రెండో ఏడాది 30, మూడో ఏడాది 21, మొత్తం 78 గంటలు వాటితో పనిచేయాలి. కాలేజీ ఇప్పటికే చూసుకుంటున్న పీహెచ్‌సీ పరిధి కాని పల్లె, వీలైతే రెండు గంటల ప్రయాణం లోపు ఉండాలి. అంటే మీ ఊరి అవసరం వాళ్లకుంది. అడిగే చోట మొహమాటపడకండి.

ఇప్పుడు లెక్క చూడండి. వంద మంది బ్యాచ్ అయితే 300 ఇళ్లు, నూటయాభై అయితే 450. మీ ఊళ్లో సగం. ఏ సగం? ఆ నిర్ణయం కాలేజీకి వదిలేస్తే బస్సు ఆగే చోటి నుంచి నాలుగు వీధులు తీసుకుంటారు. మజరాలు, యానాది కాలనీ మిగిలిపోతాయి. అందుకని ఇళ్ల జాబితా మీరే తయారుచేసి ఒప్పందానికి జతచేయండి. కాలనీ మొత్తం, మజరాలు మొత్తం, ఆ తర్వాత ఊళ్లో గర్భిణులు, ఒంటరి వృద్ధులు, డయాలసిస్‌కు వెళ్తున్నవాళ్లు, టీబీ మందులు వాడుతున్నవాళ్లు ఉన్న ఇళ్లు. జాబితాలో జబ్బు పేరు రాయొద్దు, ఇంటి నంబరు చాలు. హెచ్‌ఐవీ సంగతి అయితే ఆశా నోటి నుంచి కూడా విద్యార్థికి చేరకూడదు. 2017 చట్టం ప్రకారం అది గోప్యం.

ఇక మీకు అసలు బలం నర్సింగ్ కాలేజీయే. ఎంబీబీఎస్ పిల్లలు ఏడాదిలో కొన్నిసార్లు వచ్చి పోతారు. బీఎస్సీ నర్సింగ్‌లో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అయిదో సెమిస్టర్‌లో 160 గంటలు, ఏడో సెమిస్టర్‌లో మరో 160 గంటలు క్షేత్రంలోనే ఉంటుంది, అదీ వరుసగా వారాల తరబడి. ఇంటింటి సర్వే, బీపీ, షుగర్, బాలింతల సందర్శన, మందులు వాడుతున్నారో లేదో చూడడం అన్నీ వాళ్ల సిలబస్‌లో భాగం. పెద్ద పని వాళ్లకివ్వండి. ఎంబీబీఎస్ వాళ్లకు తమ ఇళ్ల వివరాలు రాసే పుస్తకం పని ఇవ్వండి. హౌస్ సర్జన్లకు కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు ఉంటుంది కాబట్టి నెలకో రోజు క్లినిక్ అడగండి. ఆ రోజు 104 బండి వచ్చే రోజుతో కలవకుండా, రెండింటి మధ్య పదిహేను రోజులు ఉండేలా పెట్టించండి.

ఒప్పందం మూడు పక్షాలది కావాలి: పంచాయతీ, కాలేజీ ప్రిన్సిపాల్, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి). పంచాయతీ, కాలేజీ మాత్రమే సంతకాలు పెట్టుకుంటే పీహెచ్‌సీ డాక్టర్ గారికి బాధ్యత ఉండదు, ఆశాలకు ఆదేశం ఉండదు. మీ మాట మీద వాళ్లు పనిచేయాలనే నియమం లేదు. గ్రామసభలో తీర్మానం, దాని మీద మెడికల్ ఆఫీసర్ సిఫారసు, అక్కడి నుంచి డీఎంహెచ్‌ఓ కార్యాలయం, అనుమతి లేఖ కాలేజీకి. ఈ వరుస తప్పితే ఫైలు తిరిగొస్తుంది. మెడికల్ కాలేజీలో ప్రిన్సిపాల్ సంతకం పెట్టినా పని జరిపించేది ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్) విభాగాధిపతి. ఆయనతో ముందుగా కూర్చోండి.

కాగితంలో తప్పక ఉండాల్సినవి: గడువు మూడేళ్లు, ఎందుకంటే అదే బ్యాచ్ అవే ఇళ్లకు తిరిగి రావాలి. 15 నుంచి 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఊళ్లోనే ఉండాలి, ఫోన్లో కాదు. విద్యార్థులు మందు రాయకూడదు, ఇంజెక్షన్ వేయకూడదు, వాడుతున్న మందు ఆపమని చెప్పకూడదు. ఆ రోజు రాసిన వివరాల నకలు సాయంత్రం బస్సెక్కే ముందే సీహెచ్‌వో చేతికి ఇవ్వాలి. ఈ చివరి షరతు లేకపోతే మీ ఊరి వివరాలు కాలేజీ బీరువాలో పరిశోధన పత్రాలై కూర్చుంటాయి. పరిశోధన చేయాలనుకుంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి నకలు మీకూ ఇవ్వమనండి.

---

సీహెచ్‌వో_ప్రకాశం

టీచర్ గారు పైనుంచి చెప్పారు, నేను కింద నేల మీద ఏం తేడా కొడుతుందో చెబుతాను.

పరీక్షకు ముందు మందు. ఇది తిరగేసి చేసినవాళ్లే ఎక్కువ. 30 ఏళ్లు దాటినవాళ్లు జనాభాలో 37 శాతం అని జాతీయ కార్యక్రమం అంచనా వేస్తుంది. మన వైపు వయసు మళ్లినవాళ్లు ఎక్కువ, మీకు 1,500 మంది అనుకోండి. వాళ్లలో నాలుగో వంతుకు బీపీ అనుకున్నా 375 మంది. ఒక్కొక్కరికి నెలకు 30 ఆమ్లోడిపిన్ మాత్రలంటే 11,250. ఇందులో సగం మంది ఇప్పటికే వాడుతుండొచ్చు, అయినా మిగతా సగానికి ఒక్కసారిగా కావాలి. పీహెచ్‌సీ ఇండెంట్ (మందులు కావాలని పంపే లెక్క) పాత వాడకాన్ని బట్టి ఉంటుంది. సర్వే మొదలవడానికి కనీసం ఒక ఇండెంట్ ముందే మెడికల్ ఆఫీసర్ గారికి అంకె చెప్పి ఈ-ఔషధిలో (ప్రభుత్వ మందుల ఆన్‌లైన్ లెక్క) పెంచి పెట్టించండి. బీపీ ఉందని చెప్పి మాత్ర లేదని పంపితే ఆ మనిషి మళ్లీ క్లినిక్ మెట్లెక్కడు.

ఒక జంట విద్యార్థులు సీబ్యాక్ ఫారం (బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు అంచనా వేసే ప్రశ్నలు) నింపి, బీపీ, షుగర్, నడుం చుట్టుకొలత చూసేసరికి మనిషికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. మూడు గంటల్లో జంటకు పన్నెండు మంది. ఇరవై జంటలు వస్తే రోజుకు 240. మీ 1,500 మందికి ఏడు రోజులు, ఇంట్లో దొరకనివాళ్లకు మరో రెండు రోజులు. ఒక్కరోజులో ఊరంతా చూస్తామనే కాలేజీ బీపీ కొలవదు, అంకెలు రాస్తుంది.

బీపీలో తప్పులు నాలుగైదు రకాలే, ప్రతి బ్యాచ్‌లో అవే. పొలం నుంచి నడిచొచ్చిన మనిషిని కూర్చోబెట్టగానే కఫ్ చుట్టడం ఒకటి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. జాకెట్ చెయ్యి పైకి మడిచి దాని కింద కఫ్ ఇరికించడం. చెయ్యి గాల్లో వేలాడేయడం; గుండె ఎత్తుకు ఏదైనా ఆనించాలి. కొలుస్తూ ప్రశ్నలు అడగడం. లావు చేతికి చిన్న కఫ్ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, లోపలి సంచి చేతి చుట్టూ 80 శాతం రావాలి, పెద్ద కఫ్‌లు కనీసం అయిదు తెమ్మనండి. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలవాలి. 140/90 దాటితే అక్కడికక్కడే రోగి అని ముద్ర వేయకుండా ఇంకో రోజు క్లినిక్‌లో మళ్లీ చూడాలి. 180/110 దాటితే మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి. దానితోపాటు ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఆయాసం ఉంటే 108కి ఫోన్.

షుగర్ స్ట్రిప్పులు ఎండకు పాడవుతాయి. డబ్బా మీద 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది, మన ఏప్రిల్ ఎండలో బస్సు డాష్‌బోర్డ్ మీద పెడితే అంకెలు ఎటు పోతాయో తెలీదు. మూత తీశాక సాధారణంగా మూడు నెలలే పనికొస్తాయి, తీసిన తేదీ డబ్బా మీద రాయించండి. 1,500 మందికి పది శాతం వృథా కలిపి 1,650, అంటే యాభై స్ట్రిప్పుల డబ్బాలు 33. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే మీటర్‌కు సరిపోయేవి కావాలి. నాలుగు రకాల మీటర్లు కలిస్తే రెండో రోజే సగం మూలకు పడతాయి. భోజనం సంగతి పట్టించుకోకుండా చూసింది 140 దాటితే క్లినిక్‌కు రమ్మనాలి, 70 లోపు ఉంటే ముందు చక్కెర నీళ్లు తాగించి తర్వాత మిగతా మాటలు. 300 దాటినవాళ్లను ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

ఇంకోటి. వేలు తుడిచిన స్పిరిట్ ఆరకముందే గుచ్చితే రక్తం పలచబడి అంకె తప్పొస్తుంది. మామిడిపండు తిన్న చేత్తో వస్తే షుగర్ ఆకాశాన్నంటుంది. సబ్బుతో కడిగించి ఆరనివ్వడమే మేలు.

ఏ కార్యక్రమానికైనా ప్రాణం తప్పిపోయినవాళ్ల జాబితా. ప్రతి నెల చివరి శనివారం, మాత్ర తీసుకోవడానికి రానివాళ్ల పేర్లు ఆశాల వారీగా తీసి, నర్సింగ్ పిల్లలు ఊళ్లో ఉన్నప్పుడు వాళ్లకే ఇవ్వండి. ఎంతమందిని పరీక్షించారని కాలేజీ నివేదికలో గొప్పగా రాస్తుంది. మీరు అడగాల్సింది వేరే అంకె: బీపీ ఉన్నవాళ్లలో మొన్నటి మూడు నెలల్లో 140/90 లోపు వచ్చినవాళ్లెందరు?

---

విశ్రాంత_ఈవోపీఆర్డీ

డబ్బు గురించి అడిగారు కాబట్టి సూటిగా. ఆరోగ్యం, పారిశుద్ధ్యం రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో 23వ అంశం. పంచాయతీకి సంబంధం లేదనే అభ్యంతరం నిలవదు. అయితే ఖర్చు జీపీడీపీలో (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక) ముందుగా ఉండాలి. ప్రణాళికలో లేని పనికి తర్వాత తీర్మానం అతికిస్తే ఆడిట్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

15వ ఆర్థిక సంఘం పద్ధతిలో 60 శాతం టైడ్ (నిర్ణీత పనికే వాడాల్సిన నిధి), తాగునీరు, పారిశుద్ధ్యానికి సగం సగం. అందులోంచి గ్లూకోమీటర్ కొంటే తప్పు. నీటి పరీక్ష, క్లోరినేషన్, మురుగు కాలువలు అయితే సరి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్‌లో స్థానిక అవసరాలకు చోటుంది, కానీ జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ వాడకూడదు. ఇప్పుడు మీ చేతిలో ఏ సంఘం నిధి ఉందో, దాని మార్గదర్శకాలు ముందు చదవండి. చెల్లింపు పీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) నమోదైన వెండర్‌కే పోవాలి, చిల్లర ఖర్చులు అందులో ఇమడవు.

చిల్లరకు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ నిధి ఉంది, ఏడాదికి 10,000 రూపాయలు. కాటన్, బ్యాటరీలు, రిజిస్టర్లు, తాగునీళ్లు దాన్లో సర్దుకోవచ్చు. స్ట్రిప్పులకు సరిపోదు. ఒక్కోటి పది నుంచి ఇరవై రూపాయలు, 1,650 అంటే తక్కువలో తక్కువ 16,500. స్ట్రిప్పులు కాలేజీ తేవాలని ఒప్పందంలోనే రాయించండి. పీహెచ్‌సీలో ప్రభుత్వ స్ట్రిప్పులు ఉంటే అవి వాడడం ఇంకా మేలు.

పంచాయతీ ఇవ్వాల్సింది జాగా, కరెంటు, కుర్చీలు, శుభ్రమైన మరుగుదొడ్డి. ఆడపిల్లలు యాభై అరవై మంది వస్తారు, ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలు, అధ్యాపకులకు విందు: ఇవి పంచాయతీ ఖాతాలో కనపడ్డాయంటే రికవరీ రాస్తారు.

ఇంకొక హెచ్చరిక, కాలేజీ పేరు ఏదైనా సరే. ఆధార్, రేషన్ కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుల జిరాక్సులు సేకరించనివ్వకండి. పరీక్షకు వాటితో పనిలేదు. “మా ఆస్పత్రికి బస్సు పెడతాం, నాలుగు రోజులుండి రండి” అనే మాట వస్తే రెఫరల్ చీటీ పీహెచ్‌సీ డాక్టర్ రాసినదై ఉండాలని చెప్పండి. ఎక్కడికి వెళ్లాలో రోగి ఇష్టం, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి పేరు చీటీలో మొదట ఉండాలి.

---

మెట్ట_కార్యదర్శి

చాలా ఉపకారం చేశారండీ. మందుల ఇండెంట్ సంగతి మాకు తట్టనే లేదు. ఇంకా రెండు సందేహాలు. జనవరి నుంచి మార్చి దాకా మా వైపు పొగాకు కొట్టుడు, బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) పనులు. పగలు ఇళ్లలో ఎవరూ దొరకరు. యానాది కాలనీలో సగం కుటుంబాలు పనుల కోసం నెలల తరబడి వేరేచోట ఉంటాయి. కాలేజీ వాళ్లు పదింటికి వచ్చి రెండింటికి వెళ్తామంటున్నారు. ఇంకోటి, ఒక కాలేజీ పోర్టబుల్ స్కానింగ్ మిషన్ కూడా తెస్తామంటోంది. తెమ్మనమంటారా?

---

సీహెచ్‌వో_ప్రకాశం

స్కానింగ్ వద్దే వద్దు సార్. పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించేది) కింద అల్ట్రాసౌండ్ మిషన్‌కు, అది ఉండే చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. పోర్టబుల్‌కు షరతులు ఇంకా గట్టివి. పంచాయతీ హాల్లో పెట్టించారంటే మీరూ ఇరుక్కుంటారు.

టైముకు వస్తే, ఉదయం ఏడు నుంచి పదిన్నర, లేదా సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. కాలేజీ బస్సు తెల్లారకముందే బయల్దేరాలి కాబట్టి మొదట ఒప్పుకోరు. నర్సింగ్ పిల్లలకు సర్వే జరిగే రెండు వారాలు మండల కేంద్రంలో వసతి దొరికితే సమస్య తీరుతుంది, ఖాళీగా ఉన్న ప్రభుత్వ హాస్టల్ ఉందేమో ఎంపీడీవో గారిని అడగండి. బ్యారన్ల దగ్గరికి, ఉపాధి పని జరిగే చోటికి వెళ్లి చూస్తే మగవాళ్లు దొరుకుతారు, ఇంటింటికీ తిరిగితే దొరికేది ఆడవాళ్లూ ముసలివాళ్లే. ఎండలో పనిచేస్తున్న మనిషికి బీపీ చూడాలంటే ముందు నీడన కూర్చోబెట్టాలి.

కాలనీ వాళ్లకు ఇంటి నంబరు మీద జాబితా పనిచేయదు. కుటుంబ పెద్ద పేరు, వెళ్లే చోటు, తిరిగొచ్చే నెల రాయండి. ఆధార్ లేదని ఎవరినీ ఆపొద్దు, ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తర్వాతైనా చేయొచ్చు. ఊరు వదిలే ముందు రెండు నెలల మాత్రలు కట్టిచ్చేలా డాక్టర్ గారితో మాట్లాడండి, చీటీ వాళ్ల చేతికే ఇవ్వండి.

సూదుల సంగతి ఎవరూ రాయలేదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు క్యాంపులకూ వర్తిస్తాయి. లాన్సెట్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, గ్లౌజులు ఎర్ర సంచిలో. ఆ సాయంత్రమే పీహెచ్‌సీకి చేర్చాలి. పంచాయతీ చెత్త బండిలో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులకే గుచ్చుకుంటాయి.

---

నీళ్ల_ల్యాబ్

కిడ్నీ, ఫ్లోరైడ్ రెండూ ఒకే గాటన కట్టకండి. ఫ్లోరైడ్ పళ్లకు, ఎముకలకు చేసే చెడు బాగా తెలిసిందే. కిడ్నీ జబ్బులకు అదొక్కటే కారణమని ఎవరైనా వేదికెక్కి చెబితే నమ్మకండి. బీపీ, షుగర్, ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు, నీళ్లు తాగకుండా ఎండలో పని, ఇవన్నీ లెక్కలోకి రావాలి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఏ దుకాణంలో కొని ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఫారంలో ఒక ప్రశ్న చేర్పించండి, మెట్ట ఊళ్లలో ఆ జవాబే చాలా చెబుతుంది.

ఊరందరికీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) అక్కర్లేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, కాళ్ల వాపు ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతున్నవాళ్లు, నొప్పి మాత్రల అలవాటున్నవాళ్లు చాలు. వాళ్లకు మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్), రక్తంలో క్రియాటినిన్, దాన్నుంచి ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత ఎంత జరుగుతోందన్న అంచనా) లెక్క. మూత్రం పొద్దున్నే తీసుకోండి. జ్వరం ఉన్నా, మధ్యాహ్నం దాకా ఎండలో పనిచేసి వచ్చినా స్ట్రిప్ రంగు మారి ఊరికే భయపెడుతుంది. ఈజీఎఫ్‌ఆర్ 60 లోపు వచ్చినా ఒక్కసారితో జబ్బు ఖాయం చేయరు, మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బంటారు. కాబట్టి రెండో పరీక్ష ఏ నెలలో, ఎవరు చేస్తారన్నది మొదటి పరీక్షకు ముందే రాసుకోవాలి. రక్తం తీసే పని పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్‌దే.

నీళ్ల విషయంలో మీ చేతిలోనే పని ఎక్కువ. జల జీవన్ మిషన్ కింద ఇచ్చిన ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో ప్రతి బోరూ, ప్రతి ట్యాంకూ చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. కిట్ రంగు చూసి చెప్పేది అంచనాయే, గీత దగ్గర తేలినవన్నీ ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా విభాగం) ల్యాబ్‌కు పంపండి. ప్లాస్టిక్ సీసాలో పంపాలి, ఫ్లోరైడ్‌కు గాజు సీసా పనికిరాదు. వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

విద్యార్థులు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: అన్నం, పప్పు ఏ నీళ్లతో వండుతున్నారు? తాగడానికి ప్లాంటు క్యాన్ తెచ్చుకుని వంట బోరు నీళ్లతో చేసే ఇళ్లే ఎక్కువ. తాగేది మంచినీళ్లేనని ఫారంలో టిక్కు పెట్టేసి వెళ్తే అసలు సంగతి జారిపోతుంది.

డెంటల్ కాలేజీ వస్తానంటే బడిపిల్లల పళ్లు డీన్స్ సూచికతో (ఫ్లోరైడ్ మచ్చల తీవ్రత కొలిచేది) చూడమనండి. పన్నెండేళ్ల పిల్లాడి పంటి మచ్చ చెప్పేది వాడు పాలు మరిచిన వయసులో తాగిన నీళ్ల గురించి. శాశ్వత దంతాల పైపొర ఎనిమిదేళ్ల లోపే తయారైపోతుంది. కాబట్టి నిరుడు పెట్టిన ప్లాంటు పనిచేయట్లేదని ఆ మచ్చలు చూసి తేల్చకూడదు.

---

ఎస్పీఎం_టీచర్

ఒక చేర్పు. మొదటి సమావేశానికి వెళ్లేటప్పుడు కాలేజీ అకడమిక్ క్యాలెండర్, మీ పంట క్యాలెండర్ పక్కపక్కన పెట్టుకోండి. యూనివర్సిటీ పరీక్షల నెలల్లో ఎవరూ రారు. ఆ ఖాళీలో రావాల్సిన రెండో పరీక్షలను, మాత్రలకు రానివాళ్ల జాబితాను సీహెచ్‌వో, ఆశాలే మోయాలి, అది వాళ్లకు ముందే తెలియాలి. మూడు నెలలకోసారి సమీక్ష పెడితే డీఎంహెచ్‌ఓ కార్యాలయం నుంచి ఎవరో ఒకరు రావాలని ఒప్పందంలోనే రాయించండి, తర్వాత బతిమాలితే రారు.